రోడ్డు పనులకు గడువు పొడిగింపు ఎవరి కోసం?

ఫలానా రోడ్డు పని గడువు దాటిపోయిందని, శాఖ మరో ఆరు నెలలు పొడిగించిందని వార్త రాగానే చాలామంది దాన్ని కాంట్రాక్టరుకు చేసిన ఉపకారంగానే చదువుతారు. పని నత్తనడకన సాగుతుంటే ఇంకా సమయం ఇవ్వడమేమిటన్న కోపం సహజమే, కొన్ని సందర్భాల్లో న్యాయమే కూడా. అయితే ఒప్పందాల చట్టం వైపు నుంచి చూసినప్పుడు, అగ్రిమెంటులోని పొడిగింపు క్లాజు ముందుగా కాపాడేది కాంట్రాక్టరును కాదు, పని అప్పగించిన శాఖను. ఆ సంగతి శాఖల్లోనే చాలామందికి పట్టదు. అందుకే పొడిగింపు ఫైలును నెలల తరబడి పక్కన పెట్టి, చివరి బిల్లు సమయంలో దుమ్ము దులిపి బయటకు తీస్తారు.

1838లో ఇంగ్లండు కోర్టు ముందుకు హోమ్ వర్సెస్ గప్పీ అనే వ్యాజ్యం వచ్చింది. ఒక బ్రూవరీ కట్టడంలో వడ్రంగం పని ఒప్పుకున్నవారు గడువు దాటి పూర్తి చేశారు. ఆలస్యమైన ప్రతి వారానికీ ఇంత చొప్పున కోత పెడతానని యజమాని అన్నాడు. కానీ స్థలాన్ని సకాలంలో స్వాధీనం చేయనిది యజమానే. తాను అడ్డుపడి, ఆ అడ్డు వల్ల జరిగిన ఆలస్యానికి ఎదుటివాడి నుంచి జరిమానా వసూలు చేయడం కుదరదని కోర్టు తేల్చింది. 1970లో పీక్ వర్సెస్ మెకిన్నీ కేసులో ఇదే సూత్రం ఒక ప్రభుత్వ సంస్థకే తగిలింది. లివర్‌పూల్ నగర పాలక సంస్థ కట్టిస్తున్న బహుళ అంతస్తుల భవనానికి పునాదిగా వేసిన పైల్స్‌లో లోపం బయటపడింది. తప్పు కాంట్రాక్టు వైపువారిదే అయినా, తర్వాత ఏం చేయాలో నిర్ణయించుకోవడానికి పాలక సంస్థ చాలా వారాలు తీసుకుంది. యజమాని వల్ల జరిగే ఆలస్యానికి గడువు పెంచే వీలు ఆ ఒప్పందంలో లేకపోవడంతో, ఆలస్యానికి ముందే రాసుకున్న నష్టపరిహారం వసూలు చేసే హక్కునే అది కోల్పోయింది.

ఇందులోని తర్కం సూటిగానే ఉంటుంది. శాఖ వల్ల పని ఆగినప్పుడు పాత తేదీకి పట్టుబట్టడం అన్యాయం. కొత్త తేదీ నిర్ణయించే అధికారం ఒప్పందంలో లేకపోతే పాత తేదీ చెల్లకుండా పోతుంది, కొత్త తేదీ పుట్టదు. తేదీయే లేని పనికి ఎన్ని రోజులు ఆలస్యమైందని లెక్కగడతారు? అప్పుడు కాంట్రాక్టరు సహేతుకమైన సమయంలో పూర్తి చేస్తే చాలు. మన 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 46వ సెక్షన్ కూడా, సమయం నిర్దేశించని వాగ్దానాన్ని సహేతుకమైన కాలంలో నెరవేర్చాలని మాత్రమే అంటుంది. ఒక పక్షం మరో పక్షాన్ని పని చేయనీయకుండా అడ్డుకుంటే ఏమవుతుందో 53వ సెక్షన్, తగిన సదుపాయాలు కల్పించడంలో నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో 67వ సెక్షన్ చెబుతాయి. ఈ నేపథ్యంలోనే పొడిగింపు క్లాజు పుట్టింది. గడువును బతికించి, దానితో పాటు జరిమానా హక్కును నిలబెట్టడం దాని పని.

ఇక్కడ మన అగ్రిమెంట్లలోని ఒక విచిత్రాన్ని ప్రస్తావించాలి. దాదాపు ప్రతి ప్రభుత్వ అగ్రిమెంటులోనూ గడువే ఈ ఒప్పందానికి ప్రాణమన్న వాక్యం ఉంటుంది. నాలుగు పేజీలు తిప్పితే ఆలస్యానికి రోజుకింత జరిమానా అన్న క్లాజు, గడువు పెంచవచ్చన్న క్లాజు కనిపిస్తాయి. 1979లో హింద్ కన్‌స్ట్రక్షన్ కాంట్రాక్టర్స్ వర్సెస్ మహారాష్ట్ర కేసులో సుప్రీంకోర్టు ఈ వైరుధ్యాన్నే పట్టుకుంది. అది నాసిక్ ప్రాంతంలో ఒక కాలువను నది మీదుగా దాటించే అక్విడక్టు పని. గడువు పెంచే వీలు, జరిమానాతో ఆలస్యాన్ని భరించే వీలు ఒప్పందంలో ఉన్నప్పుడు, కేవలం ఆ వాక్యం రాసినంత మాత్రాన గడువు ప్రాణప్రదం కాదని కోర్టు చెప్పింది. దీని ఫలితం చిన్నది కాదు. గడువు ప్రాణప్రదమైతే 55వ సెక్షన్ కింద తేదీ దాటగానే ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. కాకపోతే ఆలస్యం వల్ల కలిగిన నష్టాన్ని మాత్రమే అడగవచ్చు, రద్దు చేయాలంటే ముందు నోటీసు ఇచ్చి కొత్త గడువు నిర్ణయించాలి.

అదే 55వ సెక్షన్‌లో మూడో పేరా ఒకటుంది. గడువు దాటిన తర్వాత కూడా పనిని స్వీకరిస్తే, ఆ స్వీకరించే సమయంలోనే పరిహారం అడుగుతానని నోటీసు ఇవ్వకపోతే, తర్వాత అడిగే హక్కు పోతుందని అది అంటుంది. పొడిగింపు ఉత్తర్వుల్లో ‘ఆలస్యానికి పరిహారం విధించే ప్రభుత్వ హక్కుకు భంగం కలగకుండా’ అని కనిపించే వాక్యం వెనుక ఉన్నది ఈ పేరాయే. నేను చదివిన ఉత్తర్వుల్లో కొన్ని ఆ వాక్యం లేకుండా వెలువడ్డాయి. రాసిన గుమాస్తా మరిచిపోయి ఉండవచ్చు, సంతకం చేసిన అధికారి చూసుకోకపోయి ఉండవచ్చు, కానీ ఆ ఒక్క వాక్యం లేకపోవడం వల్ల తర్వాత ఆర్బిట్రేటర్ (వివాదం తేల్చే మధ్యవర్తి) ముందు శాఖ న్యాయవాది నోరు మెదపలేని పరిస్థితి వస్తుంది. 2021లో వెల్‌స్పన్ స్పెషాలిటీ సొల్యూషన్స్ వర్సెస్ ఓఎన్‌జీసీ కేసులో, మొదటి పొడిగింపుల్లో పరిహారాన్ని వదులుకున్న తీరును కూడా సుప్రీంకోర్టు లెక్కలోకి తీసుకుని, గడువు ప్రాణప్రదమన్న వాదనను తోసిపుచ్చింది.

గడువును శాఖ ఒక్కటే తనంతట తాను పొడిగించగలదా అన్న సందేహమూ తరచుగా వస్తుంది. 63వ సెక్షన్ ప్రకారం వాగ్దానం పొందినవారు సమయాన్ని పెంచవచ్చు. అయితే తన ప్రయోజనం కోసం ఏకపక్షంగా పెంచడం కుదరదని, రెండో పక్షం అంగీకారం ఉండాలని 1958లోనే కేశవ్‌లాల్ లల్లూభాయ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. దరఖాస్తు లేకపోయినా న్యాయమైన పొడిగింపు ఇచ్చే అధికారాన్ని కొన్ని ప్రభుత్వ ఒప్పందాల్లో ఇంజనీరుకు ముందే రాసిపెట్టడానికి కారణం అదే. ఆ క్లాజు మీద సంతకం చేసినప్పుడే కాంట్రాక్టరు అంగీకరించినట్టు లెక్క.

ఇక ఏ కారణాలకు పొడిగింపు వస్తుంది? భవనం పనికీ రోడ్డు పనికీ ఇక్కడ చాలా తేడా ఉంది. భవనానికి ఒక చోట స్థలం అప్పగిస్తే సరిపోతుంది. రోడ్డు అనేక గ్రామాలు, చెరువుకట్టలు, అటవీ భూములు, రైల్వే లైన్లు దాటుకుంటూ పోతుంది. భూసేకరణ అవార్డు (పరిహారం తేల్చే ఉత్తర్వు) పూర్తికాని చెక్కలు, తరలించని కరెంటు స్తంభాలు, తాగునీటి పైపులు, కొట్టడానికి అనుమతి రాని చెట్లు, రైల్వే ఆమోదం రాని ఓవర్‌బ్రిడ్జి డ్రాయింగు, ఇవన్నీ శాఖ వైపు అడ్డంకులే. జాతీయ రహదారుల ఈపీసీ (డిజైన్, సామగ్రి, నిర్మాణం మూడూ ఒకే కాంట్రాక్టరుకు అప్పగించే) నమూనా ఒప్పందం పని ప్రారంభ తేదీ నాటికి కనీసం 90 శాతం భూమి అప్పగించాలని కోరేది ఈ అనుభవంతోనే. మిగిలిన పదో వంతు ఎక్కడ ఉందన్నదే అసలు ప్రశ్న. అది రోడ్డు చివర ఖాళీ పొలంలో ఉంటే పెద్ద నష్టం లేదు, వంతెన పునాది పడాల్సిన చోట ఉంటే మిగతా తొంభై శాతం భూమి చేతిలో ఉన్నా పని పూర్తికాదు.

వాన గురించి అపోహలు ఎక్కువ. వర్షాకాలంలో బీటీ (తారు) పని ఆగడం ఎవరికీ కొత్త కాదు. పద్దెనిమిది నెలల గడువులో కనీసం ఒక వర్షాకాలం ఉంటుందని టెండరు వేసేటప్పుడే తెలుసు. కాబట్టి మామూలు వానకు పొడిగింపు ఉండదు. కేంద్ర ప్రజా పనుల విభాగం (సీపీడబ్ల్యూడీ) షరతుల్లోనూ, కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య రూపొందించిన, అంతర్జాతీయంగా వాడే ఫిడిక్ షరతుల్లోనూ ఉన్నది అసాధారణ వాతావరణం గురించే. అసాధారణమని చూపించాలంటే దగ్గరలోని వర్షమాపక కేంద్రం లెక్కలను గత ఏళ్ల సగటుతో పోల్చి పెట్టాలి. ‘భారీ వర్షాల వల్ల’ అని ఒక్క ముక్క రాసిన దరఖాస్తులు, వాటిని అలాగే ఆమోదించిన నోట్లు రెండూ నాకు నచ్చవు.

లెక్క ఎలా కట్టాలో ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం. 20 కిలోమీటర్ల రోడ్డు, గడువు 18 నెలలు. అందులో 3 కిలోమీటర్ల మేర భూమి 120 రోజులు ఆలస్యంగా వచ్చింది. ఆ మూడు కిలోమీటర్లలోనే కరెంటు స్తంభాల తరలింపు 60 రోజులు పట్టింది, అందులో 40 రోజులు భూమి ఆలస్యంతో కలిసిపోయాయి. కాంట్రాక్టరు దరఖాస్తులో 180 రోజులు అడుగుతాడు. కలిసిపోయిన రోజులు తీసేస్తే మిగిలేవి 140. ఇంతవరకు హిండ్రెన్స్ రిజిస్టరు (అడ్డంకులు నమోదు చేసే పుస్తకం) చూసి ఎవరైనా చెప్పగలరు. ఆ తర్వాతే చిక్కు. కొన్ని కార్యాలయాల్లో 140 రోజులను 20లో 3 వంతుతో గుణించి 21 రోజులని తేలుస్తారు. అడ్డు పడినది మూడు కిలోమీటర్లకే కదా అన్నది వారి తర్కం. పైకి ఇది న్యాయంగా కనిపిస్తుంది గానీ నా దృష్టిలో ఇది లెక్క కాదు, రాజీ. ఆ మూడు కిలోమీటర్లలో పెద్ద వంతెన ఉంటే 140 రోజులూ పూర్తి తేదీని వెనక్కి నెట్టవచ్చు. ఉత్త మట్టికట్ట మాత్రమే ఉండి, ఆ సమయమంతా కాంట్రాక్టరు మిగతా పదిహేడు కిలోమీటర్లలో తీరిక లేకుండా ఉంటే, ఒక్క రోజు కూడా ఇవ్వనక్కర లేకపోవచ్చు. పని కార్యక్రమంలో ఏ అంశం ఆగితే చివరి తేదీ జరుగుతుందో చూడకుండా శాతాలు వేయడం వల్ల కొందరికి అన్యాయం, కొందరికి ఉచిత లాభం జరుగుతుంది.

రెండు వైపులా తప్పున్న రోజులు మరీ చిక్కు. శాఖ భూమి ఇవ్వలేదు, అదే నెలల్లో కాంట్రాక్టరు హాట్‌మిక్స్ ప్లాంటు బిగించలేదు. ఎవరి ఖాతాలో వేయాలి? ఇంగ్లండులోని సొసైటీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ లా 2002లో తెచ్చి, 2017లో సవరించిన ప్రోటోకాల్ (మార్గదర్శక పత్రం) ఇలాంటి చోట సమయం ఇవ్వమంటుంది. డబ్బు మాత్రం, కాంట్రాక్టరు తన ఆలస్యం వల్ల పెరిగిన ఖర్చును విడదీసి చూపగలిగితేనే. అది మన కోర్టులను కట్టిపడేసేది కాదు గానీ, ఆచరణలో దీనికంటే మెరుగైన పద్ధతి నాకు కనిపించలేదు.

హిండ్రెన్స్ రిజిస్టరు అనగానే అదేదో పెద్ద పత్రం అనుకోకండి. గీతలు గీసిన ఒక పుస్తకం. అడ్డంకి ఏమిటి, ఏ తేదీన మొదలైంది, ఏ తేదీన తొలగింది, మరో అడ్డంకితో కలిసిన రోజులెన్ని, నికరంగా ఎన్ని, చివర ఇద్దరి సంతకాలు. కోట్ల రూపాయల వివాదం చివరికి ఈ పుస్తకం దగ్గరకే వచ్చి ఆగుతుంది. ఒకే సిరాతో, ఒకే చేతిరాతతో, ఏడాదిన్నర నమోదులు ఒక్క మధ్యాహ్నం రాసినట్టు కనిపించే రిజిస్టర్లు ఉంటాయి. వాటిని ఏ ఆర్బిట్రేటరూ నమ్మడు. తొలగిన తేదీ గడి ఖాళీగా వదిలేసినవి ఇంకా ప్రమాదకరం, ఎందుకంటే ఆ అడ్డంకి పని ముగిసే దాకా కొనసాగిందని కాంట్రాక్టరు వాదిస్తే కాదనడానికి శాఖ దగ్గర కాగితం ఉండదు.

నోటీసు గడువులు అందుకే పెట్టారు. సీపీడబ్ల్యూడీ షరతుల్లో అడ్డంకి ఏర్పడిన 14 రోజుల్లో దరఖాస్తు చేయాలి. ఫిడిక్ 1999 షరతుల్లో 28 రోజుల్లో నోటీసు, 42 రోజుల్లో వివరాలు ఇవ్వాలి. 2017 కూర్పులో వివరాల గడువును 84 రోజులకు పెంచారు. గడువు దాటితే హక్కే పోతుందని రాసుకున్న చోట, కాంట్రాక్టరు తరఫువారు కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్‌ను ముందుకు తెస్తారు. ఒక కాలం ముగియగానే హక్కును రద్దుచేసే షరతు చెల్లదని 1997 నుంచి ఆ సెక్షన్ చెబుతోంది. కోర్టు ఏమంటుందన్నది క్లాజు భాషను బట్టి ఉంటుంది. కాంట్రాక్టరైనవాడు ఆ వాదన మీద ఆధారపడటం కంటే ఒక ఉత్తరం పంపడం మేలు.

డబ్బు విషయానికి వస్తే తెలుగు నేల మీద పనిచేసిన ప్రతి కాంట్రాక్టరుకూ నోటికి వచ్చిన అంకె 59. ఆంధ్రప్రదేశ్ స్టాండర్డ్ స్పెసిఫికేషన్స్‌లోని 59వ క్లాజు, ఏ కారణంగా ఆలస్యం జరిగినా పరిహారం అడగకూడదని, తప్పనిసరి ఆలస్యాలకు సహేతుకమైన గడువు పొడిగింపు మాత్రం ఉంటుందని చెబుతుంది. అంటే సమయం ఇస్తాం, సొమ్ము ఇవ్వం. రామలింగారెడ్డి వర్సెస్ సూపరింటెండింగ్ ఇంజనీర్ కేసులో సుప్రీంకోర్టు ఈ క్లాజును ఉన్నదున్నట్టు అమలు చేసి, పెరిగిన రేట్ల క్లెయిమును కాదంది. మిలిటరీ ఇంజనీరింగ్ పనుల్లో ఇలాంటి క్లాజు మీదే రామ్‌నాథ్ ఇంటర్నేషనల్ కేసులోనూ, పొడిగింపు తీసుకున్న తర్వాత ఆ ఆలస్యానికే నష్టపరిహారం అడగడం కుదరదని తేల్చింది. మరో వైపు పీ.ఎం. పాల్ వర్సెస్ భారత ప్రభుత్వం కేసులో 1989లోను, కె.ఎన్. సత్యపాలన్ వర్సెస్ కేరళ కేసులో 2006లోను, ప్రభుత్వం వల్ల పని జాప్యమైతే ధరల పెరుగుదల క్లాజు లేకపోయినా అదనపు సొమ్ము ఇవ్వవచ్చని అదే కోర్టు అంది. ఇవి పరస్పర విరుద్ధమని పైపైన అనిపించినా, స్పష్టమైన నిషేధ క్లాజు ఉన్నదా లేదా అన్న తేడా వీటి మధ్య ఉంది.

59వ క్లాజు లాంటివి చట్టరీత్యా చెల్లుతాయి. అవి తెలివైనవని మాత్రం నేననుకోను. శాఖ తప్పుకు రూపాయి కూడా రాదని తెలిసిన కాంట్రాక్టరు ఆ నష్టాన్ని టెండరు రేటులోనే కలుపుతాడు. భూమి సకాలంలో వచ్చిన పనికి కూడా ప్రజలు ఆ రేటే కడతారు. పైగా ఆలస్యానికి ఖర్చు లేని శాఖకు భూమి త్వరగా ఇవ్వాలన్న తొందర ఎందుకుంటుంది?

శాఖ వసూలు చేసే పరిహారానికీ హద్దులున్నాయి. సీపీడబ్ల్యూడీ షరతుల్లో అది టెండరు విలువలో 10 శాతం మించదు, ఈపీసీ నమూనాలో కాంట్రాక్టు ధరలో 10 శాతం. ఈపీసీలో మరో మంచి ఏర్పాటు ఉంది. మధ్య మైలురాళ్లు (దశలవారీ గడువులు) దాటిపోయినందుకు కోత పెట్టినా, పని మొత్తం పొడిగించిన గడువుతో సహా తుది తేదీకి పూర్తయితే ఆ సొమ్మును వడ్డీ లేకుండా తిరిగి ఇచ్చేస్తారు. రాసుకున్న అంకె గరిష్ఠ పరిమితి మాత్రమేనని, నష్టమే జరగని చోట పరిహారం ఉండదని కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ మీద 2015లో కైలాష్‌నాథ్ కేసు చెప్పింది. మరి రోడ్డు ఆలస్యమైతే శాఖకు జరిగిన నష్టాన్ని రూపాయల్లో ఎలా చూపాలి? టోలు లేని రోడ్డుకు ఆదాయమే లేదు. అదే ఏడాది కన్‌స్ట్రక్షన్ అండ్ డిజైన్ సర్వీసెస్ వర్సెస్ డీడీఏ (ఢిల్లీ అభివృద్ధి సంస్థ) కేసులో, ఒక మురుగునీటి పంపింగ్ స్టేషన్ ఆలస్యం మీద, ప్రజోపయోగ పనుల్లో జాప్యం వల్ల ప్రజలకు నష్టం కలిగిందని భావించవచ్చని, కచ్చితమైన సాక్ష్యం సాధ్యం కాకపోవచ్చని కోర్టు ఒప్పుకుని, కోరినదాంట్లో సగం ఇప్పించింది. రోడ్లకు ఈ తీర్పు సరిగ్గా అతుకుతుంది.

కోవిడ్ కాలంలో కేంద్ర ఆర్థిక శాఖ 2020 మే 13న ఇచ్చిన మెమోరాండం, ఫిబ్రవరి 20న గానీ ఆ తర్వాత గానీ పూర్తికావాల్సిన పనులకు మూడు నెలలకు తగ్గకుండా, ఆరు నెలలకు మించకుండా, జరిమానా లేని పొడిగింపు ఇచ్చింది. ఫిబ్రవరి 19 నాటికే ఒప్పందం తప్పినవారికి ఆ వెసులుబాటు వర్తించదని కూడా చెప్పింది. సామూహికంగా ఇచ్చిన రాయితీలో సైతం అంతకుముందు తప్పు ఎవరిదన్న ప్రశ్నను వదిలిపెట్టలేదు.

గడువు ముగిసి, ఉత్తర్వు రాక, పని మాత్రం నడుస్తున్న రోడ్లు ఎన్నో ఉంటాయి. ఆ మధ్యకాలంలో బిల్లు పెడితే ఏ ధరల సూచీ వర్తించాలో తేలదు. బ్యాంకు గ్యారంటీ, బీమా పాత తేదీతో ముగిసిపోతాయి. ఏ రోజున ఏది ఎవరి బాధ్యతో చెప్పగల కాగితం ఉండదు. అడ్డంకి తొలగిన నెలలోనే తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చి, పరిహారపు హక్కును నిలుపుకుని, తుది లెక్క తర్వాత చూసుకోవడం ఇంజనీరుకు కష్టమేమీ కాదు. ఆడిట్ అభ్యంతరం వస్తుందన్న భయమే ఆపుతుంది. నిర్ణయం తీసుకున్నవాడికే ప్రశ్నలు ఎదురవుతాయి, తీసుకోనివాడిని ఎవరూ అడగరు.

మీ ఊరి రోడ్డు ఎందుకు ఆగిందో తెలుసుకోవాలంటే సమాచార హక్కు చట్టం కింద పొడిగింపు ఉత్తర్వు ఒక్కటే అడగకండి. స్థలం అప్పగించిన తేదీల పత్రం, హిండ్రెన్స్ రిజిస్టరు నకలు, కాంట్రాక్టరు దరఖాస్తు చేరిన తేదీ కూడా అడగండి. ఆ చట్టం 2(జె) సెక్షన్ పనిని, రికార్డులను స్వయంగా పరిశీలించే హక్కును కూడా ఇస్తుంది. దరఖాస్తు తేదీకీ ఉత్తర్వు తేదీకీ మధ్య ఎన్ని నెలలున్నాయో ముందు చూడండి.